విదేశీ వేలంలో కొన్నా, అమ్మినా: పార్సెల్‌ని సరిహద్దు దాటించడం ఎలా

ఈబేలో ఓ పాత ఫౌంటెన్ పెన్నో, కెమెరా లెన్సో 40 డాలర్లకి పాడుకున్నామని సంబరపడుతుంటే షిప్పింగ్ 35 డాలర్లు అని కనిపిస్తుంది. అది కూడా కట్టి తెప్పించుకుంటే చివర్లో పోస్ట్‌మ్యాన్ డ్యూటీ రసీదు చేతిలో పెడతాడు. అమ్మేవాళ్ల బాధ ఇంకో రకం. కొండపల్లి బొమ్మల సెట్టు అమెరికాలో ఎవరో మంచి ధరకి కొన్నారని సంతోషంగా పంపితే, అక్కడ డ్యూటీ కట్టమన్నారని వాళ్లు పార్సెల్ తీసుకోకుండా వెనక్కి పంపేస్తారు, డబ్బులూ వెనక్కి అడుగుతారు. ఇవి రెండూ తప్పించుకోవచ్చు. అయితే షిప్పింగ్ సంగతి కొనేవాళ్లు బిడ్ వేయకముందే, అమ్మేవాళ్లు లిస్టింగ్ పెట్టకముందే తేల్చుకోవాలి. వేలం ముగిశాక చూసుకుందాం అనుకుంటే అప్పటికి మన చేతిలో ఏమీ ఉండదు.

ఈబే ఇండియా సైటు 2018 ఆగస్టులో మూతపడింది కదా, అప్పట్నుంచి మనవాళ్లు ఆ సైటులో కొన్నా అమ్మినా దాదాపు ప్రతి పార్సెలూ ఏదో ఒక దేశం కస్టమ్స్ దాటాల్సిందే. కాబట్టి ఇది అప్పుడప్పుడూ వచ్చే చిక్కు కాదు, ప్రతిసారీ ఉండే పని. ముందు కొనేవాళ్ల సంగతి చెప్తాను.

కొనేవాళ్లు: బిడ్ వేయకముందు

లిస్టింగ్‌లో బొమ్మలు, వివరణ అన్నీ చూసి చివరికి షిప్పింగ్ దగ్గరికి వెళ్లడం మనకి అలవాటు. దాన్ని తిరగేయండి. మొదట చూడాల్సింది అమ్మేవాళ్లు ఇండియాకి పంపుతారా లేదా అన్నది. మీ ఎకౌంట్లో డెలివరీ అడ్రస్ హైదరాబాదో విజయవాడో పెట్టుకుంటే సైటే చెప్పేస్తుంది. పంపరు అని ఉన్నా ఒక మెసేజ్ పెట్టి అడగండి, వస్తువు చిన్నదైతే చాలామంది ఒప్పుకుంటారు. కానీ ఆ జవాబు వచ్చేదాకా బిడ్ వేయొద్దు, ఎందుకంటే బిడ్ అంటే కొంటానని మాట ఇవ్వడమే, గెలిచాక షిప్పింగ్ ఎక్కువని వెనక్కి తగ్గితే మీ ఎకౌంట్ మీద మచ్చ పడుతుంది. అమెరికా వేలాలు ఎక్కువగా వాళ్ల సాయంత్రం ముగుస్తాయి. పసిఫిక్ టైమ్ సాయంత్రం 5 అంటే మనకి వేసవిలో తెల్లవారుజామున 5:30, చలికాలంలో 6:30. అంటే చివరి నిమిషంలో ప్రశ్న అడిగే వీలు మీకు ఎలాగూ ఉండదు, అడగాల్సినవన్నీ ముందు రోజే అడిగేయండి.

తర్వాత లెక్క. నిజమైన ధర అంటే వస్తువు మీ ఇంటికి చేరేసరికి అయ్యే మొత్తం. మన కస్టమ్స్ వాళ్లు డ్యూటీ వేసేది వస్తువు ధర మీద మాత్రమే కాదు, షిప్పింగ్, ఇన్సూరెన్స్ కూడా కలిపిన మొత్తం మీద. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. సొంత వాడకానికి పోస్టులోనో కొరియర్‌లోనో తెప్పించుకునే వస్తువులకి కస్టమ్స్ టారిఫ్‌లో 9804 అని ప్రత్యేకంగా ఒక హెడింగ్ ఉంది, దాని రేటు బడ్జెట్లలో మారుతూ వస్తోంది, కాబట్టి కొనే రోజున ఉన్న రేటు సీబీఐసీ (కేంద్ర పరోక్ష పన్నులు, కస్టమ్స్ బోర్డు) సైటులో చూసుకోండి. లెక్క ఎలా నడుస్తుందో తెలియడానికి, వస్తువు 5,000 రూపాయలు, షిప్పింగ్ 3,000, బేసిక్ డ్యూటీ 20 శాతం, ఐజీఎస్టీ (దిగుమతుల మీద పడే జీఎస్టీ) 18 శాతం అనుకుందాం. 8,000 మీద 20 శాతం అంటే 1,600. ఆ డ్యూటీ మీద 10 శాతం సోషల్ వెల్ఫేర్ సర్‌ఛార్జీ, అంటే 160 (కొన్నిటికి ఇది మినహాయింపు). ఇప్పుడు మొత్తం 9,760, దీని మీద 18 శాతం ఐజీఎస్టీ సుమారు 1,757. అన్నీ కలిపితే 11,517. అయిదు వేల వస్తువు పదకొండున్నర వేలయింది, ఇంకా డాలర్లలో కట్టినందుకు కార్డు వాళ్లు వేసే ఫారెక్స్ మార్కప్, కొరియర్ వాళ్ల క్లియరెన్స్ ఛార్జీ ఇందులో కలపలేదు. ఈ లెక్క వేసుకున్నాకే మీ గరిష్ఠ బిడ్ ఎంతో నిర్ణయించుకోండి. ఆ అంకె ఒకసారి పెట్టి వదిలేయండి, సైటే మీ తరఫున అంతవరకు పాడుతుంది.

షిప్పింగ్ భారం తగ్గించుకోవడానికి పనికొచ్చే మార్గం ఒకే అమ్మకందారు దగ్గర రెండు మూడు వస్తువులు గెలిచి ఒకే పెట్టెలో తెప్పించుకోవడం. అలా చేస్తే మొదటిది గెలవగానే డబ్బు కట్టేయకండి, అన్నీ అయ్యాక కలిపి బిల్లు పంపమని అడగండి. విడివిడిగా కట్టేశాక కలపమంటే చాలామందికి చిరాకు.

"గిఫ్ట్ అని రాయించుకుంటే డ్యూటీ పడదు" అనే సలహా ఇప్పటికీ తిరుగుతోంది. ఆ రోజులు పోయాయి. 5,000 రూపాయల లోపు గిఫ్టులకి ఉండే మినహాయింపుని 2019 డిసెంబర్‌లో తీసేశారు, రాఖీలకీ ప్రాణాధార మందులకీ తప్ప. పైగా వేలంలో కొన్నది గిఫ్టు కాదు, అలా రాయించడం తప్పుడు డిక్లరేషన్ కిందికి వస్తుంది, వస్తువు జప్తు అయ్యే ప్రమాదం ఉంది.

కొన్ని వస్తువుల జోలికి అసలు పోవద్దు. డ్రోన్లు 2022 నుంచి దిగుమతి నిషేధం, ఈ-సిగరెట్లు 2019 నుంచి. వాకీటాకీలు, రేడియో ట్రాన్స్‌మిటర్ల లాంటి వాటికి వైర్‌లెస్ అనుమతి కావాలి. అవి అమెరికాలో ఎంత చవగ్గా కనిపించినా వదిలేయండి.

అడ్రస్, కేవైసీ

చిన్న విషయంలా ఉంటుంది కానీ పార్సెళ్లు ఇక్కడే ఎక్కువగా ఇరుక్కుంటాయి. ఈబేలో మీ పేరు, ఆధార్ లేదా పాన్ మీద ఉన్న పేరు ఒకేలా ఉండాలి. ఆధార్ మీద ఇంటిపేరు పూర్తిగా ఉండి ఇక్కడ ముద్దుపేరు ఉంటే కొరియర్ వాళ్ల కేవైసీ దగ్గర ఆగిపోతుంది. అడ్రస్ కూడా మన పద్ధతిలో "రామాలయం ఎదురుగా, పాత బస్టాండ్ వెనక, ఫలానా వారి ఇంటి పైన" అని రాస్తే అక్కడి లేబుళ్లలో ఒక్కో లైనుకి కొన్ని అక్షరాలే పడతాయి, మిగతాది తెగిపోతుంది, తెగిన ముక్కలో ఇంటి నంబర్ ఉంటే అంతే సంగతులు. ఇంటి నంబరు, వీధి మొదటి లైన్లో, ఊరు, పిన్‌కోడ్ వాటి గడుల్లో, గుర్తులు చివర్లో. ఫోన్ నంబర్ తప్పనిసరి.

పార్సెల్ పోస్టులో వస్తే ట్రాకింగ్‌లో కస్టమ్స్ దగ్గర ఆగిందని కనిపిస్తుంది. కొన్నాళ్లు అలా ఉండటం మామూలే, టెన్షన్ పడక్కర్లేదు. కానీ కాగితాలు అడుగుతూ లెటర్ వస్తే మాత్రం ఆలస్యం చేయకండి. కొన్న పేజీ ప్రింటు, డబ్బు కట్టిన రుజువు (కార్డు స్టేట్‌మెంట్లో ఆ లైను), గుర్తింపు కార్డు, ఈ మూడూ పంపితే చాలావరకు సరిపోతుంది. వేలం ధర మార్కెట్ ధర కన్నా బాగా తక్కువగా ఉంటే అధికారికి అనుమానం రావడం సహజం, అందుకే వేలం ముగిసిన పేజీని బిడ్ల చరిత్రతో సహా ఆ రోజే సేవ్ చేసి పెట్టుకోండి, తర్వాత ఆ పేజీ దొరక్కపోవచ్చు.

అమెరికాలో ఉన్న చుట్టాల ఇంటికో, ఫార్వర్డింగ్ కంపెనీ గోడౌన్‌కో పంపించుకుని అక్కడి నుంచి తెప్పించుకోవడం కూడా చాలామంది చేస్తారు. ఇండియాకి పంపని అమ్మకందారు దగ్గర కొనడానికి అదొక దారే. అయితే వస్తువు ఆ మొదటి అడ్రస్‌కి చేరిందంటే ఈబే దృష్టిలో డెలివరీ అయిపోయినట్టే, అక్కడి నుంచి మీకు వచ్చేలోపు విరిగినా పోయినా మనీ బ్యాక్ గ్యారంటీ వర్తించదు. చుట్టాలైతే పెట్టె విప్పి ఫొటో తీసి పంపమనండి, మళ్లీ పంపేముందు లోపమేదైనా ఉంటే అప్పుడే తెలుస్తుంది. జపాన్ యాహూ ఆక్షన్స్‌లో కొనాలంటే మాత్రం మధ్యవర్తి తప్పదు, బయి, జెన్‌మార్కెట్ లాంటి ప్రాక్సీ సర్వీసులు మన తరఫున పాడి, వాళ్ల గోడౌన్‌లో పెట్టి పంపుతాయి. వాళ్ల ఫీజు, జపాన్ లోపలి షిప్పింగ్, అంతర్జాతీయ షిప్పింగ్, తర్వాత మన డ్యూటీ, ఇన్ని మెట్లు ఉంటాయి కాబట్టి పై లెక్కలో అన్నీ వేసుకోండి.

ఇంకొక ముఖ్యమైన మాట. "మీ పార్సెల్ కస్టమ్స్‌లో దొరికింది, అందులో నిషేధిత వస్తువులున్నాయి, వెంటనే డబ్బు కట్టండి" అని ఫోన్లు వస్తాయి. నిజంగా పార్సెల్ కోసం ఎదురుచూస్తున్నవాళ్లు వీటికి తొందరగా లొంగిపోతారు, ఎందుకంటే వాళ్లకి ఆ భయం ముందే ఉంటుంది. కస్టమ్స్ వాళ్లు ఎవరి సొంత ఖాతాకీ, యూపీఐకీ డబ్బు వేయమని అడగరు. వాళ్లు పంపే ఉత్తరం మీద డీఐఎన్ అని నంబరుంటుంది, అది అసలుదో కాదో సీబీఐసీ సైటులో సరిచూసుకోవచ్చు. మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

అమ్మేవాళ్లు: ముందు, పంపకూడనివి తెలుసుకోండి

పాత వస్తువులు అమ్మేవాళ్లు ఈ భాగాన్ని రెండుసార్లు చదవండి. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం వందేళ్లు నిండిన నాణెం, విగ్రహం, ఇత్తడి సామాను, చిత్రం లాంటివన్నీ పురావస్తువులే. రాతప్రతులైతే 75 ఏళ్లకే. వాటిని దేశం దాటించే హక్కు కేంద్ర ప్రభుత్వానికీ, అది అధికారమిచ్చిన సంస్థకీ తప్ప ఎవరికీ లేదు. శిక్ష ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, పైన జరిమానా. మీ తాతగారి పెట్టెలో దొరికిందైనా, రశీదుతో కొన్నదైనా తేడా లేదు.

నిజాం నాణేలే తీసుకోండి. చార్మినార్ బొమ్మ ఉన్న వెండి రూపాయికి విదేశాల్లో గిరాకీ ఉంది. 1911లో చనిపోయిన మహబూబ్ అలీ ఖాన్ కాలం నాణేలన్నీ ఎప్పుడో వందేళ్లు దాటాయి. ఉస్మాన్ అలీ ఖాన్ నాణేలకి వస్తే వాటి మీద ఉన్న హిజ్రీ సంవత్సరం చదవాలి. హిజ్రీ 1344 అంటే 1925-26. అంటే ఒక్కో ఏడాది గడిచేకొద్దీ ఇంకో సంవత్సరం నాణేలు ఆ గీత దాటుతున్నాయి, నిరుడు పంపగలిగింది ఈ ఏడాది పంపలేకపోవచ్చు. 1918 నాటి ఐదో జార్జి రూపాయి కూడా ఇంతే. "అందరూ పంపుతున్నారు కదా" అనే మాట కస్టమ్స్ ముందు నిలవదు. పాతగా కనిపించే కొత్త ఇత్తడి విగ్రహమైతే, పెంబర్తిలో చేసిందైనా సరే, అధికారికి పాతదేమో అనిపిస్తే ఆపుతాడు. అలాంటివాటికి పురావస్తువు కాదని పురావస్తు శాఖ వాళ్లు సర్టిఫికెట్ ఇస్తారు, విలువైన వస్తువైతే ముందే తీసుకోండి, తయారీదారు బిల్లు కూడా జత చేయండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఎర్రచందనం బొమ్మ ఎంత చిన్నదైనా అనుమతుల్లేకుండా కదిలించొద్దు. నెమలి ఈకలు, దంతం, జంతు చర్మాలు అసలు వద్దు. రోజ్‌వుడ్, షీషమ్ చెక్క వస్తువులకి సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) నిబంధనలున్నాయి. హైదరాబాద్ అత్తర్లలో ఆల్కహాల్ ఉంటే అవి మండే పదార్థాల కింద లెక్క, విడి లిథియం బ్యాటరీలు పోస్టులో తీసుకోరు. నాణేలు, నగలు చాలా కొరియర్ సంస్థలు ముట్టవు, కాబట్టి బుక్ చేయడానికి ముందే అడగండి.

కాగితాలు, బరువు

వ్యాపారంగా పంపాలంటే ఐఈసీ, అంటే ఎగుమతి దిగుమతి కోడ్ కావాలి. డీజీఎఫ్‌టీ (విదేశీ వాణిజ్య డైరెక్టరేట్) సైటులో 500 రూపాయలు కట్టి ఇంట్లో కూర్చునే తీసుకోవచ్చు, ఏజెంటుకి వేలు పోయాల్సిన పని కాదు. జీఎస్టీ ఉంటే ప్రతి ఆర్థిక సంవత్సరం ఎల్‌యూటీ అనే హామీపత్రం వేసుకోండి, అప్పుడు ఎగుమతి మీద ఐజీఎస్టీ ముందు కట్టక్కర్లేదు. పోస్టల్ శాఖ 2022 నుంచి డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలు (పోస్టాఫీసు ఎగుమతి కేంద్రాలు) నడుపుతోంది, పోస్టల్ బిల్ ఆఫ్ ఎక్స్‌పోర్ట్ అనే ఎగుమతి పత్రం ఆన్‌లైన్‌లో నింపి పార్సెల్ మీ దగ్గరి కేంద్రంలో ఇచ్చేయొచ్చు, చెన్నైకో ముంబైకో పరిగెత్తక్కర్లేదు. చిన్న అమ్మకందారులకి ఇది నిజంగా పెద్ద సాయం, ఇంకా చాలామందికి తెలియకపోవడమే బాధ.

లిస్టింగ్ పెట్టకముందే వస్తువుని పూర్తిగా ప్యాక్ చేసి తూచండి. వస్తువు బరువు చూసి అంచనాగా షిప్పింగ్ పెట్టేవాళ్లు ప్రతి అమ్మకంలోనూ పోగొట్టుకుంటారు. కొరియర్ వాళ్లు అసలు బరువు, సైజు బరువు రెండూ చూసి ఏది ఎక్కువైతే అది వసూలు చేస్తారు. సైజు బరువంటే పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగించాలి. కొండపల్లి అంబారీ ఏనుగు తెల్లపొణికి చెక్కది, తేలిక. కానీ తొండం విరగకుండా చుట్టూ మెత్తగా సర్ది 40, 30, 30 సెంటీమీటర్ల పెట్టెలో పెడితే 7.2 కిలోలకి బిల్లు వేస్తారు. పెట్టె ఎత్తు 20కి తగ్గించగలిగితే 4.8 అవుతుంది. కాబట్టి పెట్టెలు కొనేముందు స్కేలు పట్టుకుని కూర్చోవడం విలువైన పని. ప్యాకింగ్‌కి గడ్డి, ఊక వాడొద్దు, ఆస్ట్రేలియా వాళ్లు పురుగుల భయంతో అలాంటివి రానివ్వరు, చెక్క వస్తువుల మీద పురుగు రంధ్రాలున్నా ఆపుతారు.

ఇక డిక్లరేషన్ ఫారం. తక్కువ విలువ పోస్టు ప్యాకెట్లకి సీఎన్ 22, ఎక్కువ విలువకి సీఎన్ 23. అవతలి దేశం అధికారి మీ వస్తువుని చూడకపోవచ్చు, ఈ ఫారం మాత్రం తప్పకుండా చూస్తాడు. "హ్యాండీక్రాఫ్ట్", "గిఫ్ట్ ఐటమ్", "శాంపిల్" అని రాస్తే యూరప్‌లో సిస్టమే వెనక్కి తోసేస్తుంది. ఏ వస్తువు, దేనితో చేశారు, ఎందుకు వాడతారు, కొత్తదా పాతదా, ఎన్ని, ఒక్కోటి ఎంత, ఇవన్నీ ఇంగ్లీషులో పూర్తిగా రాయండి. చెక్కతో చేసి రంగులేసిన అలంకరణ ఏనుగు బొమ్మ, కొత్తది, ఒకటి. ఇలా. కస్టమ్స్ వాళ్లు వస్తువు రకాన్ని గుర్తించే హెచ్ఎస్ కోడ్ కనీసం ఆరంకెలు ఉండాలి: చెక్క అలంకరణ బొమ్మలు 4420 కింద, లోహపు విగ్రహాలు 8306 కింద, ఇమిటేషన్ నగలు 7117 కింద వస్తాయి. పిల్లల ఆటబొమ్మ అని రాస్తే అది 9503, దాంతో ఆటబొమ్మల భద్రతా నిబంధనలు మొత్తం మీద పడతాయి, అలంకరణ బొమ్మని ఆటబొమ్మ అని రాయకండి.

కొన్నవాళ్లు "విలువ 10 డాలర్లని రాయండి" అని అడుగుతారు. కుదరదని మర్యాదగా చెప్పండి. పార్సెల్ పోతే ఇన్సూరెన్స్ వచ్చేది ఆ పది డాలర్ల మీదే, వాళ్లు ఈబేలో అడిగేది మాత్రం పూర్తి ధర. సంతకం పెట్టింది మీరు, కాబట్టి నేరమూ మీ మీదే.

ఏ దేశానికి ఏంటి

అమెరికా గురించి పాత జ్ఞానం మొత్తం పక్కన పెట్టండి. 800 డాలర్ల లోపు పార్సెళ్లకి డ్యూటీ లేని రోజులు 2025 ఆగస్టు 29తో అన్ని దేశాలకీ ముగిశాయి. అంతకు నాలుగు రోజుల ముందు నుంచే మన పోస్టల్ శాఖ అమెరికా బుకింగులు ఆపేసింది, డ్యూటీని ఇక్కడే ముందుగా వసూలు చేసే ఏర్పాటు చేసుకుని అక్టోబర్ 15న మళ్లీ మొదలుపెట్టింది. ఆ తర్వాత కూడా టారిఫ్ రేట్లు మారుతూనే ఉన్నాయి, పోయిన నెల రేటుతో ఈ నెల లిస్టింగ్ పెట్టకండి. నా సలహా ఒకటే: అమెరికాకి డ్యూటీ ముందే కట్టే పద్ధతిలోనే పంపండి, ఆ ఖర్చు ధరలో కలిపి, కొనేవాళ్లు ఇంకేమీ కట్టక్కర్లేదని లిస్టింగ్‌లో రాయండి. ధర ఎక్కువగా కనిపించి బిడ్లు కొంచెం తగ్గొచ్చు, అయినా పార్సెల్ తిరస్కరించి వెనక్కొచ్చే నష్టం కన్నా ఇది ఎంతో నయం.

బ్రిటన్‌లో 135 పౌండ్ల లోపు, యూరోపియన్ యూనియన్‌లో 150 యూరోల లోపు అమ్మకాల మీద వ్యాట్‌ని ఈబేయే వసూలు చేసి కట్టేస్తుంది. యూరప్ ఆర్డర్లలో కనిపించే ఐఓఎస్ఎస్ నంబరుని (వ్యాట్ ముందే వసూలైందని చూపేది) షిప్పింగ్ డేటాలో తప్పకుండా ఎక్కించాలి, మరిచిపోతే కొన్నవాళ్లు వ్యాట్ రెండోసారి కట్టాల్సి వస్తుంది, ఆ కోపం మీ రేటింగ్ మీద చూపిస్తారు. యూరప్‌లో 2024 డిసెంబర్ 13 నుంచి ఉత్పత్తుల భద్రతా నియమం వచ్చింది, అక్కడ మీ తరఫున బాధ్యత వహించే వ్యక్తి పేరు, అడ్రస్ లేకుండా కొత్త వస్తువులు అమ్మలేరు. చిన్న అమ్మకందారులకి ఇది చాలా అన్యాయమైన బరువు అనే నేను అనుకుంటాను, కానీ నియమం నియమమే. ఆ ఏర్పాటు లేనివాళ్లు ప్రస్తుతానికి ఆ దేశాలని షిప్పింగ్ జాబితా నుంచి తీసేయడమే మంచిది.

గొడవ వస్తే

ట్రాకింగ్ లేకుండా ఏదీ పంపకండి. వస్తువు రాలేదని కొన్నవాళ్లు కేసు పెడితే ఈబే చూసేది డెలివరీ అయినట్టు ట్రాకింగ్‌లో ఉందా లేదా అన్నదే, 750 డాలర్లు దాటితే సంతకం రుజువు కూడా కావాలి. కేసు తెరిచాక జవాబివ్వడానికి మీకు మూడు పనిదినాలే టైమ్, పండక్కి ఊరెళ్లాం అంటే కుదరదు. కొన్నవాళ్ల వైపు నుంచైతే, చెప్పిన డెలివరీ చివరి తేదీ దాటాక 30 రోజుల్లోపు కేసు పెట్టాలి. అమ్మినవాళ్లు "ఇంకో రెండు వారాలు చూడండి" అంటూ లాగుతుంటే మర్యాద కోసం ఆ గడువు పోగొట్టుకోకండి.

విరిగి చేరితే వెనక్కి తెప్పించుకోవడం కన్నా కొంత డబ్బు తిరిగిచ్చి వస్తువు వాళ్ల దగ్గరే ఉంచేయడం చాలాసార్లు చవక. ఎందుకంటే తిరుగు షిప్పింగ్ వస్తువు ధరని మించిపోతుంది. అయినా విలువైనది వెనక్కి వస్తుంటే ఒక జాగ్రత్త ఉంది. మీరు పంపిన వస్తువే మళ్లీ మీ దగ్గరికి వస్తున్నా, రుజువు లేకపోతే దాన్ని దిగుమతిగా చూసి డ్యూటీ వేస్తారు. మూడేళ్లలోపు తిరిగొచ్చిన ఎగుమతి వస్తువులకి డ్యూటీ మినహాయింపు అడగొచ్చు, ఎగుమతి మీద ఏవైనా రాయితీలు తీసుకుని ఉంటే అవి తిరిగి కట్టాలి. దానికి కావలసింది మీ బిల్ ఆఫ్ ఎక్స్‌పోర్ట్ కాపీ, వెళ్లేటప్పటి ట్రాకింగ్ నంబరు, ఈబే రిటర్న్ పేజీ, పంపేముందు తీసిన ఫొటోలు. వెనక్కి పంపేవాళ్లకి కూడా పెట్టె మీద "ఎగుమతి చేసిన వస్తువు తిరిగి వస్తోంది" అని, పాత ట్రాకింగ్ నంబరుతో సహా, ఇంగ్లీషులో రాయమని చెప్పండి. ఆ వాక్యం మీరే టైప్ చేసి పంపితే వాళ్లు అలాగే అతికిస్తారు.